ఈలల ముఠా, మొక్కుబడి బాతు

దేవుడు ప్రతి మనిషికీ ఏదో ఒక వరమిచ్చే పంపుతాడని పాస్టరుగారు చెప్పినప్పుడల్లా జయశీల మనసులో ఒకటే సందేహం లేస్తుంది. మరి మా మరిది ఎబెనేజర్‌కు ఏమిచ్చినట్టు? పెళ్లై ఇస్నాపూర్‌లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆ సందేహం ఆమెతోనే కాపురం చేస్తోంది. ప్రార్థనలో కూడా అడిగి చూసింది. జవాబు రాలేదు.

ఎబెనేజర్‌కు మాత్రం ఏ సందేహమూ లేదు.

"వదినా, ఈ పటాన్‌చెరు ఇలాకల నా అసుంటి మెదడు ఇంకోటి లేదు. నేను జెర కండ్లెర్ర జేస్తె చాలు, నేరం గజగజ వణుకుతది" అని ఆ శుక్రవారం పొద్దున నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ప్రకటించాడు. ప్రకటిస్తూనే గడప తన్నుకుని ముందుకు తూలి, తలుపు పట్టుకుని వేలాడాడు.

ఒకప్పుడు అతను ఓ మందుల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. దొంగ దొరికాడంటూ కొత్త మేనేజరును బాత్‌రూములో పెట్టి గొళ్లెం వేశాక ఉద్యోగం పోయింది. టార్చీ, ఈలా మిగిలాయి. ఆ రెండూ చాలనుకుని డిటెక్టివ్ అయిపోయాడు.

"వణుకుడు తర్వాత. ముందుగాల నా బాతు సంగతి సూడు" అంది జయశీల.

సంగతేమిటంటే, భర్త సొలొమోనుకు కామెర్లు ముదిరినప్పుడు ఆమె మోకాళ్ల మీద పడి, ఆయన లేచి తిరిగితే కోత పండుగకు ఇంట్లో పెంచిన బాతుల జత చర్చికి ఇస్తానని మొక్కుకుంది. సొలొమోను లేచాడు, తిరిగాడు, బొజ్జ కూడా పెంచాడు. మొక్కు మాత్రం తీరలేదు. ఒక ఏడాది బాతుల్ని కుక్క ఎత్తుకుపోయింది. ఒక ఏడాది జబ్బు తగిలింది. ఇంకో ఏడాది 'విచారణ నిమిత్తం' అంటూ ఎబెనేజరే కూర వండించుకున్నాడు. ఈసారి జత బాగానే ఎదిగింది కానీ, దసరా వెళ్లాక ఆడబాతు ఇంటి వెనక చెరువుకు పోయి మళ్లీ రాలేదు. పండుగ ఎల్లుండి ఆదివారమే. మగబాతు ఒక్కటే బొంగురు గొంతుతో వాకిట్లో తిరుగుతోంది. సగం మొక్కు దేవుడు ఒప్పుకుంటాడా అని పాస్టరుగారిని అడగడానికి జయశీలకు ముఖం చెల్లలేదు.

"యాడనన్న గుడ్ల మీద కూసున్నదేమో" అని సొలొమోను ఒకసారి అన్నాడు.

"పెంపుడు బాతు పొదుగుతదా ఎక్కడన్న? గుడ్డు పెట్టి మర్సిపోతది. పిల్లలు కావాల్నంటె కోడి కిందనే పెట్టాలె" అని ఆమె కొట్టిపారేసింది. వాళ్ల అమ్మ కాలం నుంచీ అంతే. అందుకే చెరువు గట్టు మీద నిలబడి పిలవడమే తప్ప, తుంగలోకి దిగి గూడు వెతకాలని ఎవరికీ తోచలేదు.

ఎబెనేజర్ పట్టపగలు టార్చి వెలిగించి, వాకిట్లో బోర్లా పడుకుని పాకాడు. కాసేపటికి కేక వేశాడు.

"వదినా! దొరికింది దొంగ జాడ! మన గేటు కాడికెంచి విశ్వేశ్వర్ సేటు దుకాణం దాక నూకలు! నూకలు ఎరేసి బాతును తీస్కపోయిండు."

"సంచి చిరిగి రాలినయ్ అవి. నిన్న నేనే తెచ్చిన."

"నిన్ను సుత వాడుకున్నడా? ఎంత కిరాతకుడు!"

విశ్వేశ్వర్ సేటు ఇంట్లో శనివారం ఉల్లిగడ్డ కూడా ముట్టరు. ఎబెనేజర్ వదినను వెంటబెట్టుకుని వెళ్లి గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించాడు.

"సేటూ, నిజం జెప్పు. రాత్రి ఏం తిన్నరు?"

"పప్పు, బీరకాయ."

"మొన్న రాత్రి?"

"బీరకాయ, పప్పు."

"చూసినవా వదినా? మాట మారుస్తుండు!"

లోపలి నుంచి సేటు భార్య అరుణాదేవి వచ్చింది. "మా ఇంట్లకు కోడిగుడ్డు సుత రాదు. గీయన ఏంది, పప్పు డబ్బల బాతును దేవులాడుతుండు?"

జయశీల సిగ్గుతో చచ్చిపోయింది. "మనసుల పెట్టుకోకుండ్రి సేటూ. మా మరిది గట్లనే."

"నాకు కొత్తనా అమ్మా? పోయినేడు నా గుమ్మడికాయను బాంబని నీళ్ల డ్రమ్ముల ముంచిండు" అన్నాడు సేటు.

పొద్దు వాలింది. కంపెనీల పొగ గొట్టాల మీదుగా ఆకాశంలో సన్నని ఈలలు వినిపించాయి. ఎబెనేజర్ రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"విన్నవా? ఈలలు! సిగ్నల్ ఇచ్చుకుంటున్నరు. ఇది ఒక్కడి పని గాదు, ముఠా!"

"తల ఎత్తి సూడు. ఈలేసే అడవి బాతులు. పొద్దూకంగనే చెరువుకొస్తయ్."

"అందరు గట్లనే అనుకోవాల్నని వాళ్ల ప్లాను."

మారువేషం కోసం అతను గుర్రపుడెక్క తీగలు నెత్తి నిండా చుట్టుకున్నాడు. బురద కారుతుండగా చెరువులోకి దిగి, ముఠాకు జవాబుగా తన ఈల ఊదాడు. ముక్కు కొసన పసుపు మచ్చ ఉన్న రెండు అడవి బాతులు మెడలు సాచి అతన్ని చూశాయి. అంత వికారమైన ప్రాణిని అవి ఎన్నడూ చూసి ఉండవు.

గట్టు మీద జయశీల కళ్లు మూసుకుంది. "ప్రభువా, నా బాతునన్న ఇయ్యి, లేకుంటె ఈనకు బుద్ధన్న ఇయ్యి. రెండూ కష్టమైతె బాతే చాలు."

"నేరస్థులారా! లొంగిపోండ్రి!" అని ఎబెనేజర్ గర్జించాడు. మరుక్షణం కాలు జారి తుంగ గుబురులోకి దబ్బున బోర్లా పడ్డాడు. చెరువు మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ రెక్కల చప్పుడులోంచి "అబ్బా, నా ముక్కు!" అన్న కేకా, దాని వెంటే జయశీలకు బాగా తెలిసిన గొంతూ వినిపించాయి.

ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లలోకి పరుగెత్తింది. తుంగలో ఆమె ఆడబాతే, చిక్కిపోయి, ఈకలు రేగి, ఎబెనేజర్ ముక్కును వదలకుండా పట్టుకుని ఉంది. దాని వెనక గూట్లో గుడ్డు పెంకులు. పెంకుల మధ్య తడి ఆరని పసుపు పిల్లలు.

"పొదిగిందా!" అంది జయశీల. ఇన్నాళ్లూ తనకు తెలుసనుకున్నది తెలియనే తెలియదన్నమాట.

"నేను ముందుగాల్నే అనుకున్న" అన్నాడు ఎబెనేజర్ ముక్కుతో మాట్లాడుతూ.

"ఏమనుకున్నవు?"

"గదే... చెరువు కోణం."

ఆదివారం చర్చి ముందర వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు బారులు తీరాయి. ముక్కుకు ప్లాస్టరు వేసుకున్న ఎబెనేజర్, ముఠా గుట్టు రట్టు చేసిన వైనం సంఘానికి చెప్పాలని లేచి, గుమ్మడికాయ తట్టుకుని టమాటల గంప మీద పడ్డాడు. జయశీల వెనక్కి తిరిగి చూడలేదు. అతనికి దేవుడిచ్చిన వరమేదో ఆమెకు ఇప్పుడు తెలుసు. పడటం. అందరూ ఏదో ఒక పని చేసి మేలు చేస్తారు, ఇతను పడితే చాలు. కాకపోతే ఎక్కడ పడాలన్నది దేవుడే చూసుకోవాలి.

ఆమె బుట్ట తెచ్చి కానుకల బల్ల ముందు దించింది. పాస్టరుగారు మూత తీసి నవ్వారు.

"జత అని మొక్కుకున్నవు కదమ్మా? ఇందులో చాలా ఉన్నాయే!"

"పెద్దవి రెండే మొక్కుబడి అయ్యగారూ" అంది జయశీల. "చిన్నవి ఆలస్యానికి."