ఎల్బో మీద ఎర్ర మచ్చ

ప్లోయెష్ట్ ఊరి చివరి చమురు శుద్ధి కర్మాగారంలో సాండా ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి డైరెక్టరు ఒల్టేను గారి సంతకం, మధ్యాహ్నం వెల్డింగు. మూడేళ్లుగా పెద్ద ఇంజనీర్ల లెక్కలకు ప్రతులు తీసిన ఆమెకు, తన పేరుతో వెళ్లే మొదటి లెక్క ఇదే. ఇవాళ సంతకం పడకపోతే ఫైలు బుకారెస్టు హెడ్డాఫీసు పెద్దల చేతికి పోతుంది. ఆమెకు మళ్లీ ప్రతులే గతి.

ఆవిరి పైపు మలుపు తిరిగేచోట ఎల్బో అనే వంపు ముక్క ఉంటుంది. దాన్ని మోయడానికి కింద ఒక పొట్టి కాలు వెల్డింగు చేస్తారు. ఆ అతుకు దగ్గర పడే ఒత్తిడిని వంపు గోడ ఓర్చుకుంటుందా అన్నదే లెక్క. ఓర్చుకోగలిగింది నూట నలభై, పడేది తొంభై. సాండాకు రవ్వంత అనుమానం లేదు. అంకెలు నాలుగో పేజీలో పెట్టి, అందంగా ఉంటుందని మొదటి పేజీలో కంప్యూటరు గీసిన రంగుల బొమ్మ పెట్టింది.

డైరెక్టరు గారు మొదటి పేజీ దాటి చదవరని ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

"ఏంటమ్మాయ్, కాలు దగ్గర ఇంత ఎర్రగా ఉంది?"

"మిగతాచోట్ల కన్నా అక్కడ ఎక్కువని అంతే సార్. ప్రమాదమని కాదు. నాలుగో పేజీలో..."

"పుండు కూడా అలాగే ఎర్రబడుతుంది. అక్కడో మందపాటి రేకు వేసి లెక్క మళ్లీ కట్టుకురా."

పోనీలే, రెండు బొమ్మలూ పక్కపక్కన చూస్తే ఆయనకే తెలుస్తుందనుకుంది. రేకు వేస్తే ఒత్తిడి అరవైకి దిగింది. కానీ ఆ బొమ్మలు గీసే ప్రోగ్రాముకు ఒక అలవాటుంది. ఎంత తక్కువైనా సరే, ఉన్నవాటిలో ఎక్కువదానికి ఎరుపే పూస్తుంది.

"చూశావా! కట్టు కట్టినా తగ్గలేదు!" అంటూ ఆయన మేస్త్రీ ట్రాయన్‌కు ఫోను కొట్టారు. "ఆ ఎల్బో దగ్గర పురుగు కూడా ఉండకూడదు. ఖాళీ చేయించు!"

ట్రాయన్ పాతికేళ్లుగా ఎదురు ప్రశ్న వేయని మనిషి. ఎల్బో చుట్టూ తాడు కట్టాడు. పక్కనే ఉందని క్యాంటీనూ ఖాళీ చేయించాడు. రెండు వందల మంది చిక్కుడుగింజల చొర్బా సూపు గిన్నెలు పట్టుకుని మంచులో నిలబడ్డారు.

"గ్యాసట!"

"గ్యాసైతే వాసన రాదూ? బాంబే."

"బాంబైతే అయింది, నా రొట్టె లోపలే ఉండిపోయిందిరా!"

ఎవరు పిలిచారో గానీ ఫైరింజను కూడా వచ్చింది. సాండా పరుగెత్తుకొచ్చి, తాడు దాటి, ఎల్బో ఎక్కి కూర్చుంది.

"దిగవే తల్లీ, పేలుద్ది!" ట్రాయన్ గొంతు చించుకున్నాడు.

"ఏం పేలుద్ది బాబాయ్? ఇదింకా చెక్క దిమ్మల మీదే ఉంది. ఆవిరేది? అసలు కాలేది?"

ట్రాయన్ వంగి చూశాడు. "లేదు. మధ్యాహ్నం కదా అతికించేది."

"మరెందుకు ఖాళీ చేయించావ్?"

"చెప్పారు, చేశాను. పేలేదాకా ఆగి చేయించమంటావా?"

అతనితో వాదించి లాభం లేదని సాండా గదికి పరుగెత్తింది. నూట నలభై దాటితేనే ఎరుపు, లోపలైతే నీలమే పూయమని ప్రోగ్రాముకు చెప్పి, పొద్దుటి లెక్కకే కొత్త బొమ్మ తీసింది. ఎల్బో అంతా నిండు నీలం. బయటికొచ్చి ఫైరింజను పక్కన నిలబడ్డ డైరెక్టరు గారి చేతిలో ఆ ఒక్క పేజీ పెట్టింది.

ఆయన మొహం వెలిగిపోయింది. కాగితం జనానికి ఎత్తి చూపించారు. "చూశారా? సమయానికి ఖాళీ చేయించబట్టి చల్లబడింది! పదండి, భోజనాలు కానివ్వండి!"

చప్పట్లు మోగాయి. అసలు సంగతి చెప్పాలని సాండా నోరు తెరిచింది. ఆయన జేబులోంచి కలం బయటికి రావడం చూసి మూసుకుంది.

"ఎక్కడమ్మాయ్ సంతకం?"

"ఇక్కడ సార్, నా పేరు పక్కన."

ఆ సాయంత్రానికి ఎల్బోకు కాలొచ్చింది, నెలాఖరుకు డైరెక్టరు గారికి భద్రతా పతకమొచ్చింది.