ఈదమ్మ ఒంట్లోని అడవి

అడవి ఇసుక ఈగ కుట్టిన నెలకు ఈదమ్మ రక్తాన్ని రక్షిత అరణ్యంగా ప్రకటించారు. ఈగ పొట్టలోంచి వచ్చిన ట్రిపనోసోమ్ అనే పరాన్నజీవులు ఆమె ఒంట్లో స్థిరపడ్డాయని పరీక్షలో తేలింది. కంటికి ఆననంత చిన్నవైనా అవి వన్యప్రాణులే. వన్యప్రాణులున్న చోటు అడవి. ఇందులో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు.

చిక్కల్లా, అటవీ శాఖ గూడెం ఖాళీ చేయించడం అప్పుడే మొదలవడం. మనుషులంతా రోడ్డు పక్క కాలనీకి పోవాలి. అడవి మాత్రం కదలకూడదు. కాబట్టి ఈదమ్మ ఉండాలి, ఆమె మొగుడు బయన్న వెళ్లాలి.

“ఆయన్ను గూడా చూడండి సారూ,” అంది ఈదమ్మ. “ఇన్నేండ్లు ఒక కంచంలో తిన్నోళ్లం. నాకున్నయి ఆయనకు లేకుండా యాడికి పోతాయి?”

రేంజరు మర్యాదస్తుడు. బయన్న వేలి నుంచి చుక్క రక్తం తీయించాడు. “ఏమీ లేవవ్వా. ఉత్త మనిషి,” అన్నాడు బాధగా.

ఆ సాయంత్రం బయన్న చొక్కా విప్పి ఆ ఈగలుండే పుట్టల దగ్గర కూర్చున్నాడు. ఈగలు వచ్చి, వాలి, లేచిపోయాయి.

“నీ చేదు నెత్తురు ఎవరిక్కావాల మామా,” అని నవ్వబోయి, నవ్వలేక, ఈదమ్మ అతని వీపు నిమిరింది.

మర్నాడు ఆమె రేంజరు ముందు చెయ్యి చాపి, తన రక్తం కాస్త మొగుడికి ఎక్కించమంది. రేంజరు ఉలిక్కిపడ్డాడు.

“అది స్మగ్లింగవ్వా! ఎర్రచందనం తరలించినట్టే. ఇద్దర్నీ జైల్లో పెట్టాల్సొస్తుంది.”

“ఇద్దర్నీ ఒకే కాడ పెడతారా సారూ?” బయన్న ఆశగా అడిగాడు.

“ఆడవాళ్ల జైలు వేరే ఉంటుంది.”

లారీ వచ్చింది. బయన్న గిన్నెలతో, కుక్కతో ఎక్కాడు. ఈదమ్మ ఏడుస్తూ నిలబడితే గార్డు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. “ఎక్కువ ఏడవకవ్వా. ఒంట్లో నీళ్లు తగ్గితే లోపలివాటికి ఇబ్బంది.”

ఇప్పుడామెకు రెండు పూటలా అన్నం వస్తుంది. జ్వరమొస్తే డాక్టరూ వస్తాడు. తగ్గించడు, ఎలా ఉందో చూసి వెళ్తాడు. ఆమె కాన్పులకు ఆ దారిన ఏ డాక్టరూ రాలేదు.

ఆదివారాలు బయన్న టికెట్టు కొని సందర్శకుల జీపులో వస్తాడు. దిగడం నిషేధం.

“తింటన్నావా?” అని అక్కడి నుంచే అడుగుతాడు. గట్టిగా మాట్లాడొద్దని గైడు సైగ చేస్తాడు. ఈదమ్మ తలూపుతుంది.

“మనుషుల్ని గుర్తుపడుతోందే!” అని వెనక సీట్లో ఒకావిడ మురిసిపోతుంది.

“అలవాటు పడిందండీ,” అంటాడు గైడు.