ఇంట్లో బూట్ల చప్పుడు

1982 నవంబరు. మినసోటాలో మంచు మొదలైంది. ఆ శుక్రవారం పొద్దున శ్యామ్‌సుందర్ ఒంట్లో బాగాలేదని ఆఫీసుకు ఫోన్ చేసి, భార్య రాధారాణి లైబ్రరీలో ఉద్యోగానికి ఎప్పుడు బయల్దేరుతుందా అని ముసుగుతన్ని పడుకున్నాడు.

మర్నాడు బాస్‌తో జింకల వేటకు వెళ్ళాలి. బాస్ వేట గొప్పలు చెప్పినప్పుడల్లా భయంకొద్దీ తలాడించినందుకు పట్టిన శిక్ష అది. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్న రోజులు. రానంటే ఉద్యోగానికే ఎసరు. అందుకని చలికి తట్టుకునే వేట బూట్లు కొన్నాడు. లోపల పల్చటి మేజోళ్ళు, వాటిమీద ఉన్నివి తొడిగి వారంపాటు ఇంట్లో నడవమనీ, లేకపోతే అడవిలో మడమలు బొబ్బలెక్కుతాయనీ షాపువాడు మరీమరీ చెప్పాడు. చెప్పు గడప దాటితే ఇల్లంతా కడిగే మనిషి రాధారాణి. ఆవిడతో ఈ మాట అనే ధైర్యం చాలక, వారమంతా బూట్లు అట్టపెట్టెలోనే ఉన్నాయి.

ఆవిడ కారు మలుపు తిరగగానే, కంగారులో ఆఫీసు నైలాను మేజోళ్ళ మీదే బూట్లు తొడిగేశాడు. వారం నడక ఒక్క పూటలో ముగించాలని, దేవుడి పటాల వైపు చూడకుండా హాల్లో టకటకా తిరగసాగాడు.

కింది వాటాలో ముసలావిడ ఉలిక్కిపడింది. పైవాళ్ళు ఇంట్లో ఒట్టికాళ్ళతోనే తిరుగుతారని ఆవిడకు తెలుసు. ఇన్నేళ్ళలో అడుగు చప్పుడన్నది వినలేదు. బూట్లతో తిరుగుతున్నాడంటే దొంగే అయ్యుండాలి. వెంటనే పోలీసులకు ఫోన్ చేసి, తర్వాత రాధారాణికీ చేసింది.

తలుపు దబదబా మోగేసరికి రాధారాణే తిరిగొచ్చిందనుకుని శ్యామ్‌సుందర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. లేసుల ముడి ఎంతకీ రాలేదు. క్లాజెట్‌లో చీరల వెనక దూరాడు. అపార్ట్‌మెంట్ల మేనేజరు దగ్గరి తాళంచెవితో లోపలికొచ్చిన పోలీసుకు చీరల కింద బూట్లు కనబడ్డాయి. తుపాకీ చూశాక శ్యామ్‌సుందర్‌కు తన పేరు కూడా నోట రాలేదు.

అంతలో రాధారాణి రొప్పుతూ వచ్చింది. ఇతనెవరో తెలుసా అని అడిగాడు పోలీసు. ఆవిడ అతని మొహం చూసింది, కాళ్ళు చూసింది.

"ముందు ఆ బూట్లు విప్పించండి. తర్వాత చెప్తాను," అంది.

విప్పించారు. రెండు మడమలకీ ఉసిరికాయలంతేసి బొబ్బలు. అప్పుడుగానీ ఆవిడ "మా ఆయనే" అనలేదు.

అడుగు తీసి అడుగు వేయలేని మనిషికి ఇక వేటేమిటి, ఉద్యోగమేమిటి. సాయంత్రం గుండె చిక్కబట్టుకుని బాస్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"శ్యామ్, కొత్త బూట్లతో నాకూ బొబ్బలే. ఆ వేట కబుర్లన్నీ మా నాన్నవి. నేనెప్పుడూ వెళ్ళలేదు. నీ ఉత్సాహం చూసి ఆ మాట చెప్పడానికి భయమేసింది," అన్నాడు బాస్ గొంతు తగ్గించి.

ఆ శనివారం ఆ చుట్టుపక్కల నిర్భయంగా ఉన్నవి జింకలు మాత్రమే.