కోడి మీద మునిసిపాలిటీ ముద్ర

ఆ మంగళవారం పొద్దున ఎలియానా ఒయార్సూన్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పన్నెండు చిట్టి పుస్తకాలను ఒక అరలో సర్దడం, పదకొండింటికి టీ తాగడం. పుయెర్తో కిల్లాయ్ రేవుకి పైనున్న కొండ బస్తీలో ఒంటిగది ప్రజా గ్రంథాలయాన్ని ఆమె ఇరవై రెండేళ్లుగా ఒక్కతే నడుపుతోంది. అన్నేళ్లలో ఆమె సొంతంగా తలపెట్టిన మొదటి పని ఇదే.

ఆ పుస్తకాలను అక్కడ ఫాన్‌జీన్లు అంటారు. ఎవరికి వారే రాసి, బొమ్మలు గీసి, జెరాక్సు తీయించి, మడిచి పిన్ను కొట్టినవి. వాటికి ప్రచురణకర్త ఉండడు, వెల ఉండదు, తప్పులకు మాత్రం కొదవుండదు. "బస్తీవాళ్లు రాసింది బస్తీ గ్రంథాలయంలోనే లేకపోతే ఎలా సార్?" అని పట్టణంలోని గ్రంథాలయాలన్నింటికీ అధిపతి అయిన డోన్ ఎర్మోహెనెస్ కిహాదాను ఆమె ఏడాదిగా అడుగుతూనే ఉంది. చివరకు ఆయన విసిగిపోయాడు. "సరే, పెట్టుకోండి. కానీ ముద్ర లేని కాగితం ముక్క ఒక్కటి అరలో కనిపించినా ఊరుకోను," అన్నాడు.

చిక్కంతా ఆ ముద్రతోనే వచ్చింది. దాని మీద "మునిసిపాలిటీ, పరిశీలించడమైనది" అని ఉంటుంది. పేజీలు చిరగలేదు, లెక్క సరిపోయింది అని మాత్రమే దానికి అర్థం. ఈ సంగతి ఎలియానాకు తప్ప కొండ మీద ఇంకెవరికీ తెలియదు.

పన్నెండింటిలో ఒకటి కుట్టుపని చేసుకునే డోన్యా సునీల్దా రాసింది. పేరు "అడ్మిరల్ నన్ను నిద్రపోనివ్వని వంద రోజులు". అడ్మిరల్ అన్నది పక్కింటి డోన్ రిగోబెర్తో పెంచుకునే కోడిపుంజు. ప్రతి పేజీలోనూ దాని బొమ్మ, కింద కూసిన సమయం: నాలుగూ పది, నాలుగూ పాతిక, నాలుగూ నలభై. ఎలియానా దానికి ముద్ర వేసి, చిట్టాలో "కోళ్లు, కూత, తగాదాలు" అని రాసుకుని, అరలో పెట్టి టీ తాగింది.

బుధవారం తలుపు తీసేసరికి డోన్ రిగోబెర్తో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి. చేతిలో నిన్న సాయంత్రమే ఎరువు తీసుకెళ్లిన ఆ పుస్తకం.

"మునిసిపాలిటీ నా కోడిని ఎప్పుడు పరిశీలించిందమ్మా? నేను ఇంట్లో లేనప్పుడు వచ్చారా?"

"కోడిని కాదు డోన్ రిగోబెర్తో, పేజీలని..."

"పరిశీలించడమైనది అని రాసుందిగా! నాకు అక్షరాలు రావనుకున్నావా? మరి నా మాట ఎవరు పరిశీలిస్తారు?"

ఎలియానా ఆయన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఒక తెల్లకాగితం, కత్తెర, స్టేప్లర్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. కాగితాన్ని ఎనిమిది పేజీలుగా ఎలా మడవాలో చూపించింది. సంతకం తప్ప ఏనాడూ ఏమీ రాయని ఆ మనిషి మూడు పూటలు కూర్చుని, రెండుసార్లు వేలికి పిన్ను గుచ్చుకుని, పుస్తకం పూర్తి చేశాడు. ముద్ర పడేదాకా కుర్చీలోంచి లేవలేదు.

శనివారం డోన్యా సునీల్దా రుసరుసలాడుతూ వచ్చింది. "నా మీద ఏం వాగాడో ఇటు పారెయ్," అని లాక్కుని నిలబడే చదివింది. నాలుగో పేజీ దగ్గర కూర్చుంది. అక్కడ వంకర అక్షరాల్లో ఇలా ఉంది: "గుడ్డులోంచి వచ్చిన రోజున మా ఆవిడ క్లోతీల్దే దీన్ని జేబురుమాలులో చుట్టింది. ఆమె పోయాక ఇంట్లో గొంతంటూ మిగిలింది దీనిదే."

"ఈ ముసలాయన ఇదంతా నాతో నోటితో చెప్పి చావొచ్చుగా," అంది సునీల్దా కళ్లు తుడుచుకుంటూ. పుస్తకాన్ని తన పేర రాయించుకుని వెళ్లిపోయింది.

ఆదివారం ఆమె మందపాటి నల్లగుడ్డతో కోళ్లగూటికి రెండు పొరల తెర కుట్టింది. వెలుగు పడకపోతే అడ్మిరల్‌కి తెల్లారదు. డోన్ రిగోబెర్తో స్వయంగా మేకులు కొట్టాడు. సోమవారం పుంజు ఏడు దాటినా కూయలేదు. ఎలియానా పొంగిపోయింది. గ్రంథాలయం వల్ల ఇద్దరు మనుషులు కలిశారు మరి.

ఆ సోమవారమే కొండ మీద ఎవరికీ రొట్టె దొరకలేదు. బేకరీ యజమాని ఎలెయుతేరియో ఆరేళ్ల నుంచీ అలారం గడియారం కొనలేదు. అడ్మిరల్ కూత వినే పొయ్యి వెలిగించేవాడు. ఎనిమిదింటికి నిద్రలేచి, దుకాణం ముందున్న జనాన్ని చూసి, తిట్లన్నీ తిని, పిండి చేతులతోనే గ్రంథాలయానికి పరుగెత్తాడు.

"నాక్కూడా ఒక కాగితం ఇయ్యండి. నా పరువు పోయింది!"

ఆయన రాసినది "కొండకు రొట్టె లేదు". దానికీ ముద్ర పడింది. రొట్టె లేక పిల్లలు బడికి ఆలస్యంగా వచ్చారని టీచరమ్మ ఒకటి రాసింది. ఆలస్యం పిల్లలది కాదు, బస్సుదని ఆవిడ రాసిందని తప్పుగా విని, బస్సు డ్రైవరు రెండు భాగాలుగా జవాబు రాశాడు. పది రోజుల్లో అరలోకి నలభై మూడు పుస్తకాలు చేరాయి. ఎలియానా చిట్టా "రొట్టె, ఆరోపణలు", "బస్సులు, ఖండనలు", "ఖండనలకు ఖండనలు" అంటూ సాగింది. కాగితాలు అయిపోయాయి. పాత క్యాలెండర్ల వెనక వైపు వాడారు. ఇరవై రెండేళ్లలో తొలిసారి ఆ గదిలో కుర్చీ కోసం జనం పోట్లాడుకున్నారు.

ఎవరో "కొండకు రొట్టె లేదు" కాపీని మేయరు కార్యాలయంలో ఇచ్చివచ్చారు. అక్కడి గుమాస్తా ముద్ర చూశాడు. గంటలో పిండి బస్తాలతో రెండు లారీలు కొండెక్కాయి. అప్పటికి ఎలెయుతేరియో గడియారం కొనుక్కుని వారం దాటింది. దుకాణం నిండా రొట్టె పొగలు కక్కుతోంది. లారీలు అడ్డం పడి వీధి మూసుకుపోయింది. బస్సు నిజంగానే ఆలస్యమైంది.

బుధవారం డోన్ ఎర్మోహెనెస్ ఫోన్ చేశాడు. "కరువొచ్చిందని మేయరుకి చెప్పింది నా శాఖేనట! శుక్రవారం పొద్దున నేనే వస్తున్నా. ఒక్క కాగితం మిగలడానికి వీల్లేదు."

గురువారం మధ్యాహ్నం ఎలియానా తలుపు దగ్గరకు వేసుకుని, క్యాలెండరులో మిగిలిన ఆఖరి నెల చింపింది. ఇన్నాళ్లూ అందరికీ మడత నేర్పింది కానీ తనకోసం ఒక్కటీ మడవలేదు. సాయంత్రం దాకా గీసింది.

శుక్రవారం డోన్ ఎర్మోహెనెస్ ఖాళీ అట్టపెట్టె మోసుకుంటూ, మెట్లన్నీ ఎక్కి, చెమటలు కక్కుతూ వచ్చాడు. అర ముందు నిలబడి నోరు తెరిచాడు. అందులో ఒక్క పుస్తకమే ఉంది.

"మిగతావేవి?"

"పాఠకుల దగ్గరున్నాయి సార్. కబురు తెలిసి ఎవరి మీద రాసింది వాళ్లే తీసుకెళ్లారు. ఇంకెవరూ చదవకూడదని."

"వెంటనే వెనక్కి తెప్పించండి!"

"ఎరువిచ్చిన పుస్తకాన్ని గడువులోగా వెనక్కి అడగరాదని మీరే ఉత్తర్వు ఇచ్చారు కదా సార్. గడువు పొడిగించమంటే కాదనకూడదని కూడా ఉంది."

గోడ పక్క బల్ల దగ్గర డోన్ రిగోబెర్తో, సునీల్దా చెరో వార్తాపత్రిక వెనక నక్కి వింటున్నారు. డోన్ ఎర్మోహెనెస్ మిగిలిన ఆ ఒక్క పుస్తకాన్ని తీశాడు. మొదటి పేజీలో నలుగురే కూర్చున్న పెద్ద గది. రెండో దాంట్లో కారే కప్పు, కింద బక్కెట్టు. తర్వాత పిన్ను గుచ్చుకున్న వేలు, పిండి అంటిన చేతులు, కుర్చీ కోసం కొట్లాట. ఏడో పేజీలో టై కట్టుకున్న మనిషి ఖాళీ పెట్టెతో మెట్లెక్కుతున్నాడు.

"ఇది నేనా?"

"పొట్ట కాస్త తగ్గించే గీశాను సార్."

"ఎనిమిదో పేజీ ఖాళీగా ఉందేం?"

"మీరొచ్చాక ఏం జరుగుతుందో నాకు తెలీదు కదా," అంది ఎలియానా.

ఆయన మళ్లీ మొదటి పేజీ తిప్పాడు. బయట బస్సు డ్రైవరు హారను కొడుతున్నా తలెత్తలేదు. ఖాళీ పేజీ దాకా తిరగేసి, పుస్తకం మూసి, "దీన్ని పట్టుకెళ్తాను," అన్నాడు.

"చెత్తలో వేయడానికా?"

"చదువుకోవడానికి."

"అయితే సభ్యత్వ కార్డు ఇవ్వండి."

ముప్పై ఒక్కేళ్లుగా గ్రంథాలయాలను ఏలుతున్న మనిషికి ఏ గ్రంథాలయంలోనూ కార్డు లేదు. దరఖాస్తు నింపాడు. బస్తీవాళ్ల హామీ కావాలంటే డోన్ రిగోబెర్తో లేచి వచ్చి సంతకం పెట్టాడు. "మనిషి మంచివాడేనమ్మా. చూడ్డానికి అలా ఉంటాడంతే," అన్నాడు.

అట్టపెట్టె గ్రంథాలయంలోనే ఉండిపోయింది. మర్నాటికల్లా అందులో కొత్తగా ఆరు పుస్తకాలు పడ్డాయి.

ఎరువు గడువు పదిహేను రోజులు. పదహారో రోజున ఆలస్యానికి సంజాయిషీ కోరుతూ ఒక తాఖీదు డోన్ ఎర్మోహెనెస్ కార్యాలయానికి వెళ్లింది, నియమం ప్రకారం అన్ని తాఖీదుల మీదా అచ్చయ్యే ఆయన సంతకంతోనే.