తువ్వాల కింద ఎద్దు

ఆ పొద్దున ఓబులేసు అనుకున్నది చిన్న పని. ఆలూరు సంతకు పోవాలి. జనం పలచబడినాక తిమ్మన్న దగ్గర పుల్లెద్దును కొనాలి. సద్దు లేకుండా ఇంటికి తోలుకురావాలి.

పుల్లెద్దు మొదట ఓబులేసుదే. కిందటేడు ట్రాక్టరు కొన్నప్పుడు తిమ్మన్నకు అమ్మేశాడు. అమ్మిన రోజు వీధిలో నిలబడి, ఎద్దుల కాలం అయిపోయిందని, ఇంకా ఎద్దును మేపేవాడికి బుర్ర లేదని గట్టిగా చెప్పాడు. భార్య కృష్ణవేణమ్మ వాకిట్లో కూర్చుని వింది. ఆమె తండ్రి సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చే దళారి. ఆమె ఏమీ అనలేదు. ఓబులేసుకు భయమంతా ఆ అనకపోవడమంటేనే.

ట్రాక్టరు బాగానే దున్నింది. కానీ మెడ గోకించుకోదు. పిలిస్తే చెవులు ఆడించదు. నెల తిరక్కముందే ఓబులేసుకు ఇల్లు బోసిగా అనిపించింది. వీధిలో అన్న మాట మింగడానికి మాత్రం నోరు రాలేదు.

తమ్ముడి కూతురు శివాని కర్నూలులో కంప్యూటర్ చదువు చదివి, రైతుల కోసం 'సంతకట్ట' అని ఒక యాప్ చేసింది. అమ్మే పశువు ఫోటో అందులో పెడతారు, కొనేవాళ్లు చూస్తారు. పెద్దనాయన ఫోనులోనూ ఆమే ఎక్కించింది. తిమ్మన్న పుల్లెద్దును అమ్మకానికి పెట్టిన రోజు నుంచి ఓబులేసు మొహం కడగక ముందే దాని ఫోటో చూసేవాడు. చూసి ఫోను జేబులో వేసుకునేవాడు. ఎవరికీ తెలియదనుకున్నాడు.

సంతకు బయల్దేరి సుబ్బన్న అంగడి ముందర నడుస్తుంటే సుబ్బన్న పిలిచాడు.

"ఓబులేసప్పా, ట్రాక్టరు చెడిపోయిందంట గదా."

"ఎవురు చెప్పినారు?"

"ఒకరు చెప్పాల్నా? పొద్దున లేస్తే నువ్వు ఎద్దునే చూస్తాండావని నా ఫోను చెప్తానే ఉండాది."

సుబ్బన్న ఫోను తిప్పి చూపించాడు. 'ఓబులేసు గారు ఈ ఎద్దును మళ్లీ చూస్తున్నారు. మీరూ చూడండి' అని ఉంది. ఆయన చూసిన ప్రతిసారీ యాప్ ఆ మాట చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చేరవేసింది. ట్రాక్టరున్న మనిషి ఎద్దు కోసం ఎందుకు చూస్తాడని ఊళ్లు ఆలోచించాయి. ట్రాక్టరు చెడిపోయి ఉంటుందని తేల్చాయి. అదే రకం ట్రాక్టరుకు అడ్వాన్సు కట్టినవాళ్లు డబ్బు వెనక్కి ఇమ్మన్నారు. షోరూమువాళ్లు హడలిపోయి, కారణం చెప్పకుండా, సర్వీసు పేరుతో ఒక మెకానిక్కును ఓబులేసు ఇంటికి తోలారు. అతను ఎంత వెతికినా లోపం కనపడలేదు. కనపడలేదు కాబట్టి అంతా విప్పి వాకిట్లో పరిచాడు. ఇప్పుడు ట్రాక్టరు నిజంగానే నడవదు.

తిమ్మన్న ఆలోచన ఇంకో దారిన పోయింది. అమ్మినవాడే ఇన్నిసార్లు చూస్తున్నాడంటే తనకు తెలియని గుణమేదో ఎద్దులో ఉందనుకుని ధర రెట్టింపు చేశాడు. ధర రెట్టింపయ్యేసరికి మిగతావాళ్లకూ ఆ గుణం మీద నమ్మకం కుదిరింది. మాట కడప చేరేసరికి పుల్లెద్దు బండలాగుడు పోటీల ఎద్దయింది. కడపలో శివప్రసాద్ అని రాళ్ల వ్యాపారి. ఆ పోటీలంటే ఆయనకు ప్రాణం. వ్యానులో పూలదండ, పచ్చిగడ్డి, పరీక్షకని ఒక బండ వేసుకుని ముందురోజే బయల్దేరాడు.

ఇన్ని సంగతులు జరిగాక ఓబులేసు తువ్వాల తలకు చుట్టుకుని, మొహం కనపడకుండా సంతలో అడుగుపెట్టాడు. సంతలో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. 'ఓబులేసు గారు సంతకు వచ్చారు. ఎద్దుకు దగ్గరలో ఉన్నారు.'

జనం వెనక్కి తిరిగి ఆయనకు దారి ఇచ్చారు. నడిమధ్యలో పుల్లెద్దు శివప్రసాద్ తెచ్చిన దండ వేసుకుని నిలబడి ఉంది. పక్కన తిమ్మన్న పెళ్లికొడుకు తండ్రి మాదిరి ఉన్నాడు. ధర ఫోన్లలో పెరిగిపోతోంది. ఇంకాస్త పెరిగితే ఓబులేసు ట్రాక్టరు అమ్మినా చాలదు. విప్పిన ట్రాక్టరును కొనేవాడూ లేడు.

శివాని సంతోషంగా ఎదురొచ్చింది. "చూసినావా పెద్దనాయనా, నీ వల్ల ఎంతమంది వచ్చినారో."

"నేను చూసేది అందరికీ చెప్పమన్నానా?"

"మంచి సంగతే గదా. దాచేదేముండాది?"

ఓబులేసు అవతలికి చెయ్యి చూపాడు. అక్కడ ఇద్దరు రైతులు ఒక తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని బేరమాడుతున్నారు; పట్టుకున్న వేళ్ల లెక్కే ధర. చుట్టూ మనుషులు తువ్వాలనే చూస్తున్నారు.

"ఆ బేరం ఎంతకు పోతాంది?"

"నాకెట్ల తెలుస్తాది?"

"ఈడ ఎవురికీ తెలీదు. నడిసంతలోనే ఉండారు, చాటుకేం పోలా. ఎద్దు అందరూ చూసేది. వేళ్లు మాత్రం వాళ్లవి. కప్పేదీ తీసేదీ వాళ్ల ఇష్టం. నీ యాపులో అన్నీ ఉండాయి, తువ్వాలే ల్యాదు."

శివాని పక్కకు పోయింది. వ్యాను నీడలో కూర్చుని ఫోను తీసింది.

ఈలోగా శివప్రసాద్ ఎద్దుకు బండ కట్టించాడు. జనం గుండ్రంగా నిలబడ్డారు. పుల్లెద్దు తల ఎత్తింది. అవతల ఓబులేసును చూసింది. చెవులు ఆడించింది. ఆయన దగ్గరికి రావాలని మెడ వంచి ముందుకు అడుగు వేసింది. తాడు బిగిసింది. బండ కొద్దిగా కదిలింది. జనం ఈలలు వేశారు.

ఓబులేసు బండను చూశాడు. ఎద్దు ఆ బండను తన దాకా లాక్కొస్తే, అటునుంచి అటే కడపకు పోతుంది. ఆలోచించకుండా తనే ఉరికి, ఎద్దు మెడ కింద చెయ్యి పెట్టి గోకాడు. పుల్లెద్దు కళ్లు మూసుకుంది. ముందు కాళ్లు మడిచింది. తర్వాత వెనక కాళ్లు మడిచింది. హాయిగా పడుకుంది. నలుగురు కలిసి తోక మెలిపెట్టినా లేవలేదు.

శివప్రసాద్ బండ తాడు విప్పించాడు. "నేను ఒక బండనే తెచ్చినా. ఈడ ఇంగొకటి ఉండాది," అన్నాడు. దండ తీసి తన వ్యానుకు వేసుకుని వెళ్లిపోయాడు.

జనం నవ్వుకుంటూ పలచబడ్డారు. తిమ్మన్న మొహం వాడింది. ఓబులేసు తలకున్న తువ్వాల విప్పి తన చేతి మీద, తిమ్మన్న చేతి మీద కప్పాడు. ఇద్దరూ ఆకాశం చూస్తూ వేళ్లతో బేరమాడుకున్నారు. బేరం కుదిరింది. ఒక్క ఫోనూ మోగలేదు.

శివాని అప్పటికే యాప్ గొంతు నొక్కేసింది. ఆనాటి నుంచి యాప్ తెరిస్తే ముందు ఒక తువ్వాల బొమ్మ కనిపిస్తుంది. ఎవరి సంగతి వాళ్లు తువ్వాల తీసి చూపిస్తేనే బయటికి పోతుంది. చాలామంది తియ్యలేదు. యాప్ వాడేవాళ్లు మాత్రం పెరిగారు.

ఓబులేసు భార్యకు చెప్పే మాటలు దారి పొడవునా కూర్చుకున్నాడు. ఇంటికి పోతే వాకిట్లో మెకానిక్కు ఇంకా ఒక బోల్టు కోసం వెతుకుతున్నాడు. కొట్టం మాత్రం ఊడ్చి ఉంది. తొట్టిలో నీళ్లున్నాయి. గడ్డి వేసి ఉంది. ఇన్నాళ్లూ యాప్ కృష్ణవేణమ్మ ఫోనుకూ ఆ కబురు చెబుతూనే వచ్చింది. ఆమె ఎవరితోనూ అనలేదు. ఆయనతో కూడా.

ఆమె ఎద్దు మూతి నిమిరింది. "ఎంతకు తెచ్చినావు?"

మెకానిక్కు చెవులు ఇటే ఉన్నాయి. ఓబులేసు తువ్వాల ఆమె చేతి మీద కప్పి, అసలు ధరకు ఒకటి తగ్గించి, కింద ఆమె వేళ్లు మూడే పట్టుకున్నాడు.

కృష్ణవేణమ్మ ఆయన మొహం చూసింది. తర్వాత నాలుగో వేలు కూడా తనే చాచి ఆయన పిడికిట్లో పెట్టింది.

తువ్వాల కింద జరిగింది కాబట్టి ఎవరూ చూడలేదు.