పరమేష్ కాపలా కాసిన గాలి

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చింది మనవరాలు బడికి పోవడం మొదలుపెట్టాక. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పి ఉంటే మన్నించండి. ఒక్కో పేజీ రాయడానికి నాకు పొద్దు పడుతుంది. చదివేవాళ్లకు అంత పట్టదనే ధైర్యంతో రాస్తున్నాను.

నల్లగొండ పక్కన పానగల్‌లో పరమేష్ అని గొర్లు పెంచేవాడు ఉన్నాడు. ఒక శనివారం పొద్దున అతనికి ఒకటే పని. కూతురు ప్రణీత సైకిలును పొడిగుడ్డతో తుడవాలి, వెనక షాకబ్జర్‌లో గాలి సరిగ్గా ఉందో లేదో చూడాలి, ఆపైన గొర్లను తోలుకొని పోవాలి. మర్నాడు గుట్ట మీద సైకిలు పోటీ ఉంది. గెలిచిన ఆడపిల్లలను జిల్లా తరఫున శిబిరానికి పంపుతారు. ప్రణీత తొమ్మిదో తరగతి. ఏడాదిగా ఆ పిల్ల నిద్రలో కూడా గుట్ట దిగుతోంది.

అది మామూలు సైకిలు కాదు, గుట్టలెక్కే సైకిలు. బడిలో ఆటల టీచరు శ్రీవాణి వెతికి వెతికి హైదరాబాదు నుంచి పాతది ఒకటి తెప్పించింది. సీటు కింద, గొట్టాల మధ్యన, మూరకు తక్కువ పొడవున, కుదుపులను మింగే షాకబ్జర్ ఒకటి ఉంటుంది. అందులో స్ప్రింగు ఉండదు, ఉన్నదంతా గాలే. ఆ గాలిని మీటరున్న చిన్న చేతిపంపుతో, తొక్కే మనిషి బరువును బట్టి నింపాలి. మెరిసే కడ్డీ మీద ఒక రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని పైకి జరిపి, మనిషి మెల్లగా సీటెక్కి దిగితే రింగు కిందికి జారుతుంది. కడ్డీలో నాలుగో వంతు జారిందా, గాలి సరిపోయినట్టు. శ్రీవాణి ఇదంతా పరమేష్‌కు విడమరిచి చెప్పింది.

పరమేష్ శ్రద్ధగా విన్నాడు. కానీ ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా ముందుగా ఇంటి పెద్ద వాడి చూడాలి. కొత్త గొంగడి ముందు అతనే కప్పుకుంటాడు, కొత్త మంచం మీద ముందు అతనే పడుకుంటాడు. సైకిలు వచ్చిన రోజు కూడా అతనే సీటెక్కాడు. రింగు సరిగ్గా నాలుగో వంతు దగ్గర ఆగేదాకా గాలి కొట్టి, మీటరు ముల్లు ఎక్కడుందో మనసులో పెట్టుకొని, తృప్తిగా దిగాడు. పరమేష్ రెండు పొట్టేళ్ల బరువుంటాడు. ప్రణీత ఒక గొర్రెపిల్లకు కొంచెం ఎక్కువ. అప్పటి నుంచీ ఆ పిల్ల రాళ్లబాట మీద మిడతలా ఎగిరి పడుతూ, అందరికంటే వెనక వస్తూ, తప్పంతా తనదే అనుకుంటోంది.

ఆ పొద్దున పరమేష్ పంపు బిగించి మీటరు చూశాడు. ముల్లు ఉండవలసిన చోటికంటే కిందికి ఉంది. పంపు విప్పితే బుస్సుమంది.

"శైలజా, గాలి పోతాందే!" అని భార్యను కేకేశాడు.

"పోతే నింపు. దానికి నన్నెందుకు పిలుస్తున్నవ్?"

"గట్లెట్ల నింపుత? ముందుగాల ఎంత పోతాందో తెల్వాలె గద."

చాయ్ తాగి మళ్లీ పంపు బిగించాడు. ముల్లు ఇంకా దిగింది. గొర్లకు ఆకు వేసి వచ్చి చూశాడు, మళ్లీ దిగింది. ఇక గొర్ల సంగతి మరిచిపోయి సైకిలు పక్కనే పీట వేసుకొని కాపలా కూర్చున్నాడు. ఎంత చూస్తే అంత తగ్గుతోంది.

అతని తల్లి సోమమ్మ తమలపాకు నములుతూ వచ్చి సైకిలును ఎగాదిగా చూసింది.

"దిష్టి గొట్టింది కొడుకా. మొన్న గా లింగస్వామి గోడ మీదికెల్లి తొంగిజూసి 'అబ్బో, విమానం లెక్కనే ఉన్నది' అనలే? గా దినమే అనుకున్న."

ఆమె ఉప్పు, మిరపకాయలు దోసిట్లో పట్టుకొని సైకిలు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు గోడ దాటింది. పక్కింటి లింగస్వామి దగ్గుకుంటూ వచ్చాడు. అతనికి రోడ్డు మీద పంక్చర్ల దుకాణం ఉంది.

"ఏం పెద్దమ్మా, ఎవలికి తీస్తున్నవ్ దిష్టి?"

"నీ కండ్లకే తీస్తున్న. పిల్ల బండి గాలంత గుంజుకున్నయి."

లింగస్వామికి రోషం వచ్చింది. "నా కండ్లా? ఇరవయ్యేండ్ల సంది గాలి నింపుతున్న గని ఎన్నడన్న గుంజుకున్ననా? పట్టు తమ్మీ పరమేషూ, నీళ్లల్ల ముంచుదాం. తూటు యాడున్నదో బుడగలే చెప్తయి."

పంక్చరు ట్యూబుకు బకెట్ చాలు. ఇంత సైకిలుకు గొర్లు నీళ్లు తాగే సిమెంటు తొట్టి తప్ప వేరే దారి లేదు. ఇద్దరూ చెరో పక్క పట్టి సైకిలు వెనక సగాన్ని తొట్టిలోకి దించారు. బుడబుడమని బుడగలు లేచాయి. ఒక చోట కాదు, సీటు గొట్టంలోంచి, చక్రం ఇరుసులోంచి, పెడల్ల దగ్గర నుంచి.

లింగస్వామి ముఖం పాలిపోయింది. "తమ్మీ, గిది ఒక్క తూటు గాదు. బండంత జల్లెడే."

ఈలోగా దొడ్లో తడిక వేసి ఉంచిన గొర్లకు దాహం హద్దు దాటింది. తొట్టి దగ్గర ఇద్దరు మనుషులు వంగి నీళ్ల చప్పుడు చేస్తుంటే వాటికి ఇంకేం కావాలి? తడిక తోసుకొని మందకు మంద వచ్చి పడింది. ముందున్న పొట్టేలు లింగస్వామిని వెనక నుంచి ఒక్క పోటు పొడిచింది. సైకిలు, దాని మీద లింగస్వామి, అతన్ని పట్టుకోబోయి పరమేష్, ముగ్గురూ తొట్టిలో పడ్డారు. గొర్లు మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా నీళ్లు తాగాయి.

ప్రణీత బడి నుంచి వచ్చేసరికి సైకిలు వాకిట్లో బోర్లా పడి నీళ్లోడుతోంది. తండ్రి తల తుడుచుకుంటున్నాడు.

"బిడ్డా, రేపు పోటీకి పోవుడు లేదు."

"ఎందుకు బాపూ?"

"బండి పాడైంది. గుట్ట నడిమిట్ల గాలి మొత్తం పోతే ఏమైతవో ఎరుకేనా? షాకబ్జర్ లేని బండి మీద నిన్ను రాళ్ల మీదికి తోల్త అనుకున్నవా?"

"మల్ల ఏడాదికి నేను పదోతరగతి బాపూ. అప్పుడు మీరే వద్దంటరు. గిదే ఆఖరు."

పరమేష్ దొడ్డి వైపు తిరిగాడు. కూతురు కళ్లల్లోకి చూడలేక గొర్లను లెక్కపెడుతున్నట్టు నటించాడు. అంతదాకా దిష్టి అన్న సోమమ్మే ముందుకొచ్చింది. "గా టీచరమ్మకు ఫోన్ కొట్టు బిడ్డా. మీ బాపు ఫికర్ చేసుడే గని, ఆయినకేం తెల్వది."

శ్రీవాణి సాయంత్రానికి స్కూటీ మీద వచ్చింది. సైకిలును, తొట్టిని, తడిసిన ఇద్దరు మగవాళ్లను మార్చి మార్చి చూసింది.

"నీళ్లల్ల ముంచిన్రా?"

"బుడగలు చూసెతందుకు మేడం," అన్నాడు లింగస్వామి నేల చూస్తూ.

"బండి గొట్టాలన్ని లోపల ఖాళీయే గద అన్నా. ముంచితే గాలి రాకుంటె ఏమొస్తది? తడి మీదనే పంపు పెట్టి, గాలితోని నీళ్లు గూడ లోపలికి కొట్టిన్రేమో అని భయమైంది నాకు."

ఆమె మెత్తటి పొడిగుడ్డ అడిగి కడ్డీ మీది తడి, మట్టి, గొర్ల బొచ్చు తుడిచింది. సీటును చాలాసార్లు నొక్కి వదిలింది. రింగును పైకి జరిపి, "ప్రణీతా, హెల్మెట్ పెట్టుకొని, బ్యాగు తగిలించుకొని ఎక్కు. కుదపకుండ దిగు," అంది.

ప్రణీత ఎక్కి దిగింది. శ్రీవాణి వంగి చూసింది. ఇంకోసారి ఎక్కించి చూసింది.

"సరిగ్గ నాలుగో వంతు. గింత కరెక్టుగ ఎవరు సెట్ చేసిన్రు?"

అందరూ పరమేష్ వైపు చూశారు.

"లీకు లేదా మేడం?" అన్నాడు పరమేష్ మెల్లగా. "చూసినప్పుడల్ల తగ్గింది."

"చూసినందుకే తగ్గింది సార్. పంపు బిగించినప్పుడల్ల లోపలి గాలి కొంత పంపు గొట్టంలకు వస్తది. విప్పినప్పుడు బుస్సుమని పోయేది గదే. మీరు పొద్దటిసంది ఎన్నిసార్లు చూసిన్రు?"

"చూసుడే పని," అంది శైలజ లోపలి నుంచి.

"మరి మొదట గాలి ఎవరి బరువుకు పెట్టిన్రు?"

పరమేష్ తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. శ్రీవాణికి సంగతి అర్థమైంది. ప్రణీతకూ అర్థమైంది.

"అంటే మేడం, నేను ఎగిరిపడ్డది..."

"నీ తప్పు గాదు బిడ్డా. ఇన్ని దినాలు మీ బాపును మోసే షాకబ్జర్ మీద తొక్కినవ్. పొద్దటిసంది గాలి తగ్గి తగ్గి గిప్పుడు నీ బరువుకొచ్చింది." తర్వాత పరమేష్ వైపు తిరిగి, "రేపటికైతే నడుస్తది. పోటీ కాంగనే హైదరాబాదుల విప్పించి, గాలి ఆపే కొత్త రబ్బరు సీళ్లు ఏపిచ్చి, గ్రీజు పెట్టియ్యాలె. నీళ్లల్ల ముంచుడు మాత్రం ఇగ బందు," అంది.

"ఒక్కపాలి మీటరు పెట్టి చూద్దామా?" అని పరమేష్ పంపు అందుకున్నాడు.

"వద్దు!" అని ఇంటిల్లిపాదీ అరిచారు. లింగస్వామి కూడా.

మర్నాడు గుట్ట మీద ప్రణీత రాళ్ల మీద నుంచి నీళ్లు జారినట్టు దిగింది. రెండో స్థానం వచ్చింది, శిబిరానికి పేరెక్కింది. పరమేష్ కళ్లు తుడుచుకుంటుంటే ఎవరో పక్క నుంచి, "బండి మస్తు సెట్ చేసిన్రన్నా, ఎవలు చేసిన్రు?" అని అడిగారు. అతను గొంతు సవరించుకొని, "ఇంట్లనే చేసుకున్నం. ఒక పొద్దు పట్టింది," అన్నాడు. అది అబద్ధం కాదు.

ఆ మాట ఊరంతా పాకింది. తర్వాతి వారం పిల్లల సైకిళ్లు పట్టుకొని తండ్రులు పరమేష్ వాకిట్లో వరసగా నిలబడ్డారు. అతను ఒక్కోదాన్నీ చాలాసేపు పరీక్షగా చూసి, బాగానే ఉందని చెప్పి పంపించాడు. వాటిలో ఒక్కదానికీ షాకబ్జర్ లేదు.

— కర్నాటి జంగమ్మ, అరవై ఎనిమిదేండ్లు. ఇప్పుడు నల్లగొండలో, పానగల్ రోడ్డున కూతురింట్లో ఉంటున్నాను.