పసుపు హెల్మెట్‌పై రోగనిరోధక చర్య

అపార్ట్‌మెంటుకు రోగనిరోధక శక్తి కల్పించడమైనదని తెలియజేస్తూ సంఘం కార్యదర్శి మాస్టారు లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. ఇకపై దొంగలు రారనీ, వచ్చినా బతికి బట్టకట్టరనీ అందులో సవినయంగా మనవి చేశారు.

మాస్టారు కాలేజీలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పసుపు హెల్మెట్ పెట్టుకున్నవాడెవడో రెండో అంతస్తులో టీవీ ఎత్తుకుపోయాక, సర్వసభ్య సమావేశంలో ఆయన విజ్ఞానం కట్టలు తెంచుకుంది.

"సభ్యులారా, ఒంట్లో యాంటీబాడీ క్రిమి పేరూ ఊరూ అడగదు. దాని ఒంటిమీద ఒక్క ముక్క చూస్తుంది. దాన్నే యాంటిజెన్ అంటాం. ఆ ముక్క ఆకారం తన చేతి కొసలో సరిగ్గా ఇమిడిందా, పట్టేసుకుంటుంది. ఓ పట్టాన వదలదు. చంపడం దాని పని కాదు, మింగే కణాలు వేరే వస్తాయి. మన వాచ్‌మన్ యాంటీబాడీ. పసుపు హెల్మెట్ యాంటిజెన్. మింగే బాధ్యత మనందరిదీ."

చప్పట్లు మోగాయి. సొంత ఒంటినే పట్టుకునే యాంటీబాడీలు పుట్టకుండా శరీరం ముందే ఏరివేత జరుపుతుందన్న పాఠమూ ఒకటుంది. పరీక్షల్లో రాదని మాస్టారు దాన్ని ఏటా వదిలేసేవారు. ఇప్పుడూ వదిలేశారు.

వారం తిరక్కుండా ఒక బట్టతలాయన ఇంకో టీవీ మోసుకుపోతుంటే వాచ్‌మన్ గేటు తీసి పట్టుకున్నాడు. తలమీద హెల్మెట్ లేదు కాబట్టి శాస్త్రప్రకారం వాచ్‌మన్ తప్పేమీ లేదని సంఘం తేల్చింది.

మర్నాడు మాస్టారి తల్లికి ఆయాసం ఎక్కువైంది. ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ అయిపోవచ్చింది. కొత్తదానికి ఫోన్ చేసి, ఆయన ఆమె వీపు నిమురుతూ కూర్చున్నారు. "వచ్చేస్తోందమ్మా, దారిలో ఉందట." ఆమె పెదాలు నీలంగా మారసాగాయి.

అంతలో వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "దొరికాడండీ, పసుపు హెల్మెటే. రెండు చేతులా పట్టేశాను. భుజం మీద బాంబులాంటిదేదో తెచ్చాడు. మనవాళ్లంతా దిగి మింగుతున్నారు."

మాస్టారు చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగారు. "వదలండయ్యా, అది మా అమ్మ ఊపిరి."

"ఓ పట్టాన వదలకూడదని మీరే అన్నారు కదండీ" అన్నాడు వాచ్‌మన్, పట్టు సడలించకుండా.

ఎట్టకేలకు విడిపించాక, చిట్లిన పెదవితో ఆ మనిషే సిలిండర్ పైకి మోసి గొట్టం బిగించాడు. పెద్దావిడకు ఊపిరాడింది. మాస్టారు సిగ్గుతో తలెత్తలేకపోయారు.

సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమై, బాధితుడికి క్షమాపణ చెప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. పిలుచుకురమ్మంటే వాచ్‌మన్ "మనిషి ఎలా ఉంటాడండీ?" అని అడిగాడు. చేయి చేసుకున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తల్లిని బతికించినవాడి ముఖం మాస్టారికీ గుర్తు రాలేదు.

మీరు నవ్వకండి. నిన్న మీ గుమ్మం దాకా వచ్చి సంచి అందించి వెళ్లినవాడి ముఖం ఎలా ఉంటుందో కాస్త చెప్పండి.